కంచె మీద ఎం.ఏ.

అన్యాయాన్ని తొలగించడానికి మనుషులు ఇప్పటిదాకా కనిపెట్టిన మార్గాల్లో అన్నిటికంటే క్షేమమైనది దాని మీద ఎం.ఏ. చేయడం. ఇందులో ఎవరికీ దెబ్బ తగలదు. అన్యాయానికి అసలే తగలదు.

ఈ మార్గం మా నారాయణఖేడ్‌కు కిందటేడు వచ్చింది. బస్టాండుకు దగ్గరలో, విత్తనాల దుకాణం పై అంతస్తులో ‘సర్వజన న్యాయ వేదాంత విద్యాపీఠం, అధ్యయన కేంద్రం’ అని బోర్డు పెట్టారు. కింద పత్తి గింజలు, పైన సామాజిక న్యాయం. రెండూ మొలకెత్తుతాయనే చెబుతారు. (గింజలకైతే రసీదు కూడా ఇస్తారు.)

కోర్సు పేరు క్రైస్తవ వేదాంతం, సామాజిక న్యాయం. రెండేళ్లు. డిగ్రీ పాసైనవారే అర్హులు. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను కనుక విద్యార్థిగా పనికిరాను. అయితే అన్యాయం జరిగినవాడిగా పనికివస్తానని తేలింది. దానికి విద్యార్హత అడగరు.

మా ఊరు మనూర్ పోయే రోడ్డు మీద ఉంది. మిషన్ కాలం నుంచి మా ఇళ్లలో బైబిలుంది, ఊరి బయట మా సమాధుల తోట ఉంది. రోడ్డుకూ తోటకూ మధ్య బాలకిషన్ పత్తి చేను. ఆ చేను గట్టు మీదుగానే తోటకు దారి. మిగతా మూడు పక్కలా వాగు కోత, తుమ్మముళ్లు. బాలకిషన్ మా సంఘ పెద్ద, వరసకు నాకు బామ్మర్ది. ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర అందుకుంటాడు. కిందటి ఈస్టర్ దాటాక అడవిపందుల పేరు చెప్పి దారికి అడ్డంగా ఐదు వరుసల ముళ్ల తీగ కట్టి, ఇనుప గేటు పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. (పందులు ఎప్పటిలాగే వాగు వైపు నుంచి వస్తున్నాయి. వాటికి గేటు సంగతి ఎవరూ చెప్పలేదు.)

గ్రేసమ్మ నా భార్య. కిందటి వానాకాలంలో పోయింది. ఆ రోజు బాలకిషన్ తానే గేటు తీశాడు, తానే ప్రార్థన చేశాడు, అందరం బయటికి వచ్చాక తానే తాళం వేశాడు. నేను చివరన వచ్చాను. తాళం పడిన చప్పుడు నా వీపు వెనకే వినిపించింది.

మా దగ్గర ఈస్టర్‌కు ముందు సమాధుల మీద గడ్డి పీకి సున్నం వేస్తారు. పండుగనాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని పోతే తోటంతా తెల్లగా ఉండాలి. సున్నం పడని సమాధి ఉందంటే ఆ మనిషికి ఎవరూ మిగల్లేదని అర్థం. గ్రేసమ్మ తన తల్లి సమాధి మీద ఇంకొకరిని చేయి పెట్టనిచ్చేది కాదు. దవాఖాన మంచం మీద నాకు అప్పజెప్పింది కూడా ఈ పనే.

"నీకు వంట రాదు, పాట రాదు. సున్నమన్న మంచిగ ఎయ్యి. చారలు చారలు ఎయ్యకు."

చారలు లేకుండా వేద్దామనే బాలకిషన్ ఇంటికి పోయాను.

"తాళంచెవి ఇయ్యి."

"ఎందుకు బావ? లోపల నీకేం పని?"

"నా పెండ్లాం ఉన్నది."

"ఉంటే ఉండనియ్యి. ఆమె యాడికి పోతది?" అన్నాడు. "శవమొస్తే గేటు తీస్త. గది నా ధర్మం. బతికినోళ్లు తిరిగితే గట్టు పాడైతది. ఇయ్యాల నువ్వడుగుతవ్, రేపు ఇంకొకడు అడుగుతడు. రూల్ అంటే రూలే."

పాస్టరు దగ్గరికి పోయాను. ప్రార్థనలో పెడదామన్నాడు. ఆదివారం పెట్టాడు. ప్రార్థన నడిపించమని బాలకిషన్‌నే లేపాడు.

కంచె దూకొచ్చు కదా అని మీరడగవచ్చు. ఐదు వరుసల ముళ్లు, అరిగిన మోకాలు, చేతిలో బకెట్. అయినా ఒకసారి ప్రయత్నించాను. నేను తిరిగొచ్చాను, లుంగీ రాలేదు. అది ఇప్పటికీ పై తీగ మీదే ఉంది. (విద్యాపీఠం పత్రాల్లో దాని పేరు ‘ప్రతిఘటన పతాకం’. ఫొటో కూడా వేశారు, రంగుల్లో.)

సున్నం కొనడానికి నారాయణఖేడ్ పోయాను. జహీరుద్దీన్ సున్నం, జాజు, తాళ్లు అమ్ముతాడు. చిన్నప్పటి నుంచి దోస్తు.

"క్యా కాలేబ్ భాయ్, తాళం తియ్యకముందే సున్నం కొంటున్నవ్?"

"ఈస్టర్ దాక తీస్తడు."

"నీ బామ్మర్దిని నేనెరగనా? దేవుడొచ్చి అడిగినా రూల్ చెప్తడు. గాడ చూడు, విత్తనాల దుకాణం మీద. ఇన్సాఫ్ చదువు చెప్తుండ్రట. మీ చర్చోళ్లదే. జల్దీ పో. చాయ్ గూడ ఇస్తరట."

పోయాను. చాయ్ ఇచ్చారు. జహీరుద్దీన్ మాట అంతవరకు నిజం.

విభాగాధిపతి డాక్టర్ క్రిస్టీనా నేను చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మేం ఏడాదిగా ఎదురుచూస్తున్నది దీని కోసమే" అంది. నా కోసమనుకున్నాను. కంచె కోసం.

"క్రైస్తవుల సమాధులు, క్రైస్తవుడి చేను, క్రైస్తవుడి తాళం! ఎంత స్వచ్ఛంగా ఉంది! బయటి కల్తీ ఒక్క చుక్క లేదు."

"మరి ఎప్పుడు తీపిస్తరు మేడం?"

"ముందు చదవాలి కదా కాలేబుగారూ."

ఆ ‘ముందు’ తర్వాత ఏముంటుందో పాఠ్యప్రణాళికలో వెతకమని తర్వాత ఒక విద్యార్థినిని అడిగాను. నాలుగు సెమిస్టర్లూ వెతికింది. లేదంది.

నియమావళి మాత్రం ఉంది. అందులో క్షేత్ర నిశ్చలతా నియమం ముఖ్యమైనది. అధ్యయనానికి తీసుకున్న అన్యాయాన్ని, వైవా ముగిసేదాకా, ఎవరూ ఏ విధంగానూ కదిలించరాదు, తగ్గించరాదు, సరిదిద్దరాదు. మధ్యలో న్యాయం జరిగితే ఫలితాలు చెడిపోతాయి. (ఇలా చెడిపోయిన సిద్ధాంత వ్యాసం ఇప్పటిదాకా ఒక్కటీ లేదని విద్యాపీఠం గర్వంగా చెప్పుకుంటుంది.)

కంచెను ఇద్దరికి కేటాయించారు. థామస్ కోస్తా కుర్రాడు. నా పేరుకు ‘గారు’ తగిలించి, పైన ‘అండీ’ కూడా తగిలిస్తాడు. రమ్య జహీరాబాద్ పిల్ల. మొదటి రోజే తాతా అంది. మంచి పిల్ల. ఆ మంచితనం వల్లే ఎక్కువ నష్టం జరిగింది.

మొదటి రోజు వాళ్లు టేపు పెట్టి తీగ పొడవు కొలిచారు. ముల్లుకూ ముల్లుకూ ఎంత ఎడముందో రాసుకున్నారు. తర్వాత నన్ను కంచె ముందు కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఈ కంచెను చూసినప్పుడు మీకేమనిపిస్తుందండీ?" అన్నాడు థామస్.

"తీసెయ్యాలనిపిస్తది."

రాసుకున్నాడు. "ఇంకొంచెం లోతుగా ఆలోచించి చెప్తారా అండీ?"

"గడ్డపారతోటి తీసెయ్యాలనిపిస్తది."

"అది కాదు తాతా," అంది రమ్య, "దేవుడు గీ కంచెకు ఏ పక్కనున్నడంటవ్?"

"తాళంచెవి ఉన్న పక్క."

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రమ్య చప్పట్లు కొట్టింది. సాయంత్రానికి అది నాలుగు పేజీలయింది. నాకు ‘ప్రథమ బాధితుడు’ అని మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. దానితో కేంద్రం గ్రంథాలయంలో అన్యాయం మీద ఏ పుస్తకమైనా చదువుకోవచ్చు. అన్నీ ఇంగ్లీషువి.

ఇక బాలకిషన్. అతడు ఒప్పుకోకపోతే చదువు సాగదు. కనుక డాక్టర్ క్రిస్టీనా స్వయంగా వచ్చి శాలువా కప్పింది. అన్యాయం చేసినవాడు అనకూడదట. ‘ప్రతిపక్ష భాగస్వామి’ అనాలట. థామస్ అతన్ని సార్ అన్నాడు. ఆ ఒక్క మాటకు బాలకిషన్ మొలతాడు విప్పి, ఇంకో తాళంచెవి చేయించి విద్యార్థుల చేతిలో పెట్టాడు.

"నాకియ్యనిది గాళ్లకెట్లిచ్చినవ్?" అన్నాను.

"గాళ్లు చదువుకునేటోళ్లు బావ. పని మీద పోతుండ్రు. నువ్వేమో ఉత్త దుఃఖం మీద పోతవ్." గొంతు తగ్గించి, "నా కంచె మీద పుస్తకం అచ్చేస్తుండ్రట, తెలుసా?" అన్నాడు. ఆ వారమే ఇంకో వరుస తీగ కట్టించాడు. పుస్తకంలో పలచగా కనబడకూడదని.

ఈలోగా పత్తి ఏరడం అయిపోయింది. చేను ఖాళీ. కంచె ఆ ఖాళీకి కాపలా కాస్తోంది. మా ఊరికి మాత్రం తీరిక లేదు. బోరంచ జాతరకు తిరిగినన్ని షేర్ ఆటోలు మా కంచెకు తిరిగాయి. హైదరాబాద్ నుంచి ఒక బృందం వచ్చి కంచె ముందు మౌనంగా నిలబడింది. ఇంకో బృందం నాట్యం చేసింది. ఒకాయన ముల్లు గుచ్చుకుని రక్తం వస్తే తుడుచుకోకుండా ఫొటో దిగాడు. కంచె ఎదురుగా చాయ్ బండి వెలిసింది. వార్త విని కంగ్టి వైపు నుంచి ఒక ఊరివాళ్లు ట్రాక్టరు మీద కేంద్రానికి పోయారు. "మా దగ్గర గింతకన్న పెద్ద అన్యాయం ఉన్నది, జర వచ్చి చూడుండ్రి" అన్నారు. అన్యాయాల ఎంపిక సంఘం పోయి చూసింది. అన్యాయం నాణ్యమైనదే. కానీ బస్సు లేదు, కూర్చోవడానికి నీడ లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. తిరస్కరించారు. వాళ్లు సిగ్గుపడి, వచ్చే ఏటికి నీడ ఏర్పాటు చేస్తామని చెప్పి పోయారు.

ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా రాకముందే వడగండ్ల వాన పడింది. గాలికి చాయ్ బండి పట్టా ఎగిరింది, చర్చి రేకులు ఎగిరాయి. తెల్లారి లేచి చూస్తే కంచె కూలిపోయి ఉంది. గేటు తాళంతో సహా బురదలో వెల్లకిలా పడుకుంది.

దేవుడు ఎం.ఏ. చదవలేదు కనుక ఆయనకు నిశ్చలతా నియమం తెలియదు.

ఇంటికి పోయి బకెట్‌లో సున్నం కలిపాను. పలచన కాకుండా, గడ్డలు లేకుండా, గ్రేసమ్మ కలిపినట్టే. కుంచె తీసుకున్నాను. గట్టు మీదుగా నడిచి, పడిపోయిన తీగ మధ్యలోంచి ఒక కాలు అవతల పెట్టాను.

"ఆగండీ! కాలేబుగారండీ, కదలకండీ!"

ఆటో ఆగకముందే థామస్ దూకాడు. వెనక రమ్య, ఆమె వెనక తరగతి మొత్తం. రమ్య కళ్లలో నీళ్లు.

"తాతా, నీ కాళ్లు మొక్కుత, కాలు ఎనుకకు తియ్యి."

"కంచె పడిపోయింది గద బిడ్డా. ఇగ ఏముంది?"

"అదే తాతా, ఏం లేకపోతే నేనేం రాయాలె? మూడో అధ్యాయం మొత్తం కంచె మీదనే ఉన్నది. నువ్వు లోపలికి పోతివంటే బాధితుడివి గావు. బాధితుడు లేకపోతే గైడ్ సంతకం పెట్టదు. మా అమ్మ కుట్టు మిషన్ తొక్కి చదివిస్తుంది తాతా."

కాలు వెనక్కి తీసుకున్నాను.

వాళ్లు చాలా కష్టపడ్డారు. సామాజిక న్యాయం చదివే పిల్లలు అంత చెమటోడ్చడం నేనెప్పుడూ చూడలేదు. గుంతలు తవ్వారు. సిమెంటు కలిపారు. (పాత కంచెకు సిమెంటు లేదు. పరిశోధన వల్ల సమాజానికి కలిగిన మేలు ఇది.) తీగ లాగేటప్పుడు ఊపు కోసం పాట ఎత్తుకున్నారు. బంధకాలు తెగిపోతాయని పాట. బాలకిషన్ గట్టు మీద కూర్చుని తాళం వేశాడు, చేతులతో. చివరి స్తంభం పాతది ఎక్కడుండేదో వాళ్లకు గుర్తు రాలేదు. రమ్య నా వైపు చూసింది. చూపించాను. సిమెంటు ఆరేదాకా నిటారుగా పట్టుకునేవాళ్లు కావాలన్నారు. పట్టుకున్నాను.

ఈస్టర్ తెల్లవారుజామున విద్యాపీఠం తోటలో ‘న్యాయ ఉషోదయ ఆరాధన’ పెట్టింది. బాలకిషన్ గేటు తీశాడు. డాక్టర్ క్రిస్టీనా, విద్యార్థులు, హైదరాబాద్ అతిథులు కొవ్వొత్తులతో లోపలికి పోయారు. ఊరివాళ్లను పోనివ్వలేదు, ఊరివాళ్ల బాధ మీదే ఆరాధన కనుక. నాకు బయట, కంచె ముందు, పేరు రాసిన కుర్చీ వేశారు. జహీరుద్దీన్ సున్నం పనికి తోడుంటానని చీకట్లోనే బండి మీద వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

రమ్యకు జాలేసింది. లోపల్నుంచి జహీరుద్దీన్ ఫోనుకు వీడియో కాల్ చేసింది.

"తాతా, అవ్వను చూపిస్త. ఇదేనా?"

"అది కాదు."

"ఇదా? నల్లరాయిది, మస్తు పెద్దగున్నది."

"గది బాలకిషన్ అమ్మది. దాని పక్కకు రా. ఇంకొంచెం. ఆ, గాడనే."

"ఈడ ఏం లేదు తాతా. గడ్డే ఉన్నది."

"గా గడ్డి కిందనే."

ఫోను కిందికి వంగింది. గడ్డి మోకాలెత్తుంది. ఆ సందులో కర్ర సిలువ కొస కనిపించింది. "దొరికింది!" అని అరిచింది రమ్య. లోపల అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో హల్లెలూయా అన్నారు.

"బిడ్డా," అన్నాను, "సున్నం వద్దు. జర గా గడ్డన్న పీకు. నాలుగు పరకలు పీకు."

ఆమె పీకుదామనే వంగింది. వంగినట్టే ఆగింది.

"పీకరాదు తాతా. గడ్డి నాలుగో అధ్యాయంల ఉన్నది."

సిగ్నల్ పోయింది. జహీరుద్దీన్ ఫోను జేబులో పెట్టుకుని, బకెట్ వైపు చూసి, కంచె వైపు చూసి, "చాయ్ తాగుదాం పా" అన్నాడు. చాయ్ బండి ఇంకా తెరవలేదు. అక్కడే నిలబడ్డాం. తెల్లగా తెల్లారింది. తోట మాత్రం తెల్లగా లేదు. మా ఊళ్లో ఎవరి సమాధికీ ఈ ఏడు సున్నం పడలేదు. ఆ లోటు తెలియనిది బాలకిషన్ అమ్మకే. నల్లరాయికి సున్నం అక్కర్లేదు.

వైవా ఎప్పుడని అడిగాను. బయటి పరీక్షాధికారికి తీరిక దొరికినప్పుడన్నారు. అయిపోయాక తీసేస్తారా అన్నాను. డాక్టర్ క్రిస్టీనా నొచ్చుకుంది. కొత్త తరగతి అప్పటికే నమోదైందట. ఒకరు తుప్పు మీద చేస్తున్నారు. ఒకరు తాళంచెవి మీద. ఒకమ్మాయి గడ్డి వైపు నుంచి కంచెను చూస్తోందట, ఇప్పటిదాకా ఆ వైపు నుంచి ఎవరూ చూడలేదట. (అవతల చాలామంది పడుకుని చూస్తూనే ఉన్నారు. వాళ్లు పత్రాలు సమర్పించలేదు.) థామస్ వైవా కాకముందే పీహెచ్‌డీలో చేరాడు. ఎం.ఏ. పరిశోధన వల్ల కంచెలో వచ్చిన మార్పులు అతని అంశం. అతనికి మార్పు దొరకాలంటే కంచె ఉండాలి. గేటు పక్కన బోర్డు వచ్చింది: ‘సంరక్షిత అన్యాయం. తాకరాదు.’ బాలకిషన్‌ను విద్యాపీఠం న్యాయ సలహా మండలిలోకి తీసుకున్నారు. ఇప్పుడతని ప్రార్థన ఆదాముకంటే ముందు మొదలవుతోంది.

బోర్డు కింద లోపలికి పోదగినవారి వివరం రాశారు. విద్యార్థులు, అధ్యాపకులు, పరీక్షాధికారులు, శవాలు. శవాల విషయంలో వయసు, విద్యార్హత, హోదా చూడరాదు. విద్యాపీఠం చేసిన నియమాల్లో మనుషులందరినీ సమానంగా చూసింది ఇదొక్కటే.

అందులో నాకు సరిపోయేది ఏదో చదివితే అర్థమైంది. ఏడో తరగతి చాలు.

బకెట్‌లో సున్నం ఎండి రాయయింది. కొత్తది తేవడానికి జహీరుద్దీన్ దగ్గరికి పోయాను. తూకం వేస్తూ, నా దగ్గు విని, "ఈసారి జర ఎక్కువ తీస్కపో భాయ్" అన్నాడు. "ఎట్లైనా సమాధులు రెండైతయ్."

ఆ సాయంత్రమే రమ్య నా డబ్బా ఫోనుకు చేసింది.

"తాతా, దగ్గుతున్నవట గద. మంచిగ తిను. దవాఖానకు పో. వైవా అయ్యేదాక నీకేం గావద్దు."

సరేనన్నాను. దోవలో బాలకిషన్ ఎదురుపడితే, నన్ను లోపలికి తెచ్చిన రోజు నా వెంట సున్నం బకెట్‌ను కూడా రానిస్తావా అని అడిగాను.

మొలతాడుకున్న తాళంచెవి తడుముకున్నాడు.

"శవానికైతే పర్మిషన్ ఉన్నది బావ," అన్నాడు. "బకెట్ సంగతి కమిటీల పెడ్త."